గోలు ముందర సిమెంటు పలక

ఖాళీ స్థలం

పోయిన నెల నాకు ఒక నోటీసు వచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క మెమో కూడా అందుకోని మనిషిని. రిటైరై, మోకాళ్లకు నూనె రాసుకుంటూ ఇంట్లో కూర్చున్నాక వచ్చింది. "పట్టణంలోని ఖాళీ స్థలమందు నిర్మించబడిన ప్రభుత్వ కట్టడమును అనుమతి లేకుండా ధ్వంసం చేయించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలెను" అని అందులో ఉంది.

ధ్వంసం అన్నందుకు నాకు కోపం రాలేదు. చేయించావన్నందుకూ రాలేదు. అది నిజమే. 'ఖాళీ స్థలం' అన్న మాట దగ్గర మాత్రం ఒళ్లు మండిపోయింది. కాగితాన్ని మడిచి బైబిల్ కింద పెట్టి, అరగంట పాటు ఇంటి చుట్టూ తిరిగాను. నా భార్య చూసి, "బీపీ మాత్ర ఏసుకున్యావా లేదా?" అని అడిగింది. వేసుకున్నా పోయే కోపం కాదు అది.

నేను పి.ఇ.టి.గా పనిచేశాను. మా చర్చిలో దావీదు సారు అంటారు, ఊళ్లో మిగతా వాళ్లకు డ్రిల్లు సారుని. నంద్యాలలో ఒక హైస్కూలు ఉద్యోగం, సాయంత్రం మా ఫుట్‌బాల్ సంఘానికి కోచింగు. సంఘం పేరు ఇక్కడ రాయను. రాస్తే దాన్ని స్థాపించింది మేమంటే మేమని పదిమంది వస్తారు, మైదానానికి గరుసు మోసిన రోజుల్లో వాళ్లలో ఒక్కడూ కనబడినట్టు నాకు గుర్తు లేదు.

ఈ మధ్య కొత్తగా పి.ఇ.టి. ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ముగ్గురు ఇంటికొచ్చి, "ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పండి సార్" అన్నారు. విజిలు ఊదడం, వరసలో నిలబెట్టడం మీకు ట్రైనింగులో నేర్పే ఉంటారు. అసలు ఉద్యోగం అది కాదు. మీ చేతికొచ్చిన నేలను ఊళ్లో పెద్దమనుషుల నుంచి కాపాడటమే అసలు ఉద్యోగం. నేను కాపాడలేకపోయాను. ఎలా కాపాడలేకపోయానో తెలిస్తే మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

గరుసు మోసిన రోజులు

మా మైదానం పేరు గరుసు బయలు. నంద్యాల చుట్టుపక్కల నేల ఎలాంటిదో మీకు తెలుసు. నల్లరేగడి. వాన పడితే కాలు పట్టుకుని వదలదు, ఎండ కాస్తే చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది. వరికి, పత్తికి బంగారం. ఫుట్‌బాల్‌కు మాత్రం శత్రువు.

మా నాయన ఎలిమెంటరీ స్కూలు టీచరు, సంఘంలో మొదటి తరం ఆటగాడు. ఆయన కాలంలో అది పశువుల సంత ఎత్తేసిన బయలు. ఆడటానికి ఇచ్చారు గానీ ఆడితే చీలమండలు మిగిలేవి కావు. అందుకని ఆటగాళ్లే బండ్లు కట్టి గుట్టల దగ్గర నుంచి గులకరాళ్లు కలిసిన మన్ను, అదే గరుసు, తోలారు. ఆదివారం ఆరాధన అయ్యాక మా వాళ్లు, శుక్రవారం నమాజు అయ్యాక తురకల వీధి ఆటగాళ్లు, మిగతా రోజుల్లో తీరికైన వాళ్లు. ముందు గరుసు పరిచారు, దాని మీద ఎర్రమన్ను, ఆ పైన గరిక నాటారు. మధ్యలో కొంచెం ఎత్తు, నాలుగు వైపులకు వాలు. ఇంజనీరు లేడు, పటం లేదు. నీళ్లు పోసి, అవి ఎటు పోతున్నాయో చూసి మన్ను వేసుకుంటూ పోయారు. ఎన్ని ఎండాకాలాలు పట్టిందో మా నాయన సరిగా చెప్పేవాడు కాదు. అడిగితే, "నీకు పళ్లు ఊడి మళ్లా వచ్చేదాకా" అనేవాడు.

ఎంత వాన పడినా గంటలో ఆట మొదలుపెట్టగలిగిన మైదానం ఈ చుట్టుపక్కల అదొక్కటే. దాన్ని ఖాళీ స్థలం అంటారా?

మద్దిలేటి మంద

గరుసు పోసినంత మాత్రాన సరిపోదు. ఏటా బూట్ల కింద నేల లేస్తుంది, గరిక చస్తుంది. మాకు రోలరు కొనే శక్తి లేదు. ఎవరి బుర్రకు తట్టిందో గానీ, చేలలో మంద కట్టించినట్టే మైదానంలో కూడా మంద కట్టించడం మొదలుపెట్టారు.

ఎండాకాలం చివర, తొలకరికి ముందు, మద్దిలేటి అనే గొర్రెల కాపరి తన మందను తెచ్చి గరుసు బయల్లో కొన్నాళ్లు దిగేవాడు. గొర్రెల ఎరువు గరికకు బలం. ఒక జల్లు పడితే మద్దిలేటి మందను కుదురుగా పడుకోనివ్వడు, గుండ్రంగా తిప్పుతాడు. వందల గిట్టలు తొక్కి తొక్కి మన్నును రాయిలా చేస్తాయి. మంద వెళ్లాక బరువైన చెక్కను తాళ్లతో లాగి, గిట్టల గుంటలు చదును చేస్తాం. అంతే, ఆ ఏడాదికి మైదానం తయారు. మద్దిలేటికి సంగటి, ఊరుబిండి వంతులేసుకుని ఆటగాళ్ల ఇళ్ల నుంచి పోయేవి.

ఆట ఎక్కువగా జరిగేది గోలుస్తంభాల ముందు కదా. అక్కడ నేల ఎక్కువ లేస్తుంది. అందుకని మద్దిలేటి అక్కడే మందను ఎక్కువసేపు తిప్పేవాడు. "ఈడ మా గొర్రెలు ఇంగో వారం తొక్కితే పార కూడా దిగదు సారూ" అని గొప్ప చెప్పుకునేవాడు. నిజంగానే దిగేది కాదు.

ఒకసారి మున్సిపాలిటీ వాళ్లు రోడ్డు పనికి ఒక యంత్రం తెచ్చారు. దాని చక్రమంతా ముద్దముద్దలుగా ఇనుప కాళ్లు. దాన్ని గొర్రెకాళ్ల రోలరు అంటారని డ్రైవరే చెప్పాడు. మద్దిలేటి దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఇంత డీజిలు తాగే గొర్రెను నేను మేపలేను సామీ" అన్నాడు.

హెడ్‌మాస్టర్లు, అయస్కాంతం

నేను పదకొండు మంది హెడ్‌మాస్టర్ల కింద పనిచేశాను. ఇద్దరిని మాత్రం మరిచిపోలేను. ఒకాయన లెక్కల మనిషి, బంతి గుండ్రంగా ఉంటుందని తప్ప ఆట గురించి ఏమీ తెలియదు. కానీ ఎవరు వచ్చి మైదానం అడిగినా, "మా డ్రిల్లు సారుని అడగండి, ఆయన ఒప్పుకుంటే నాకు ఇబ్బంది లేదు" అనేవాడు. నేను ఒప్పుకోనని ఆయనకు తెలుసు. అలాంటి పెద్దాయన మీకు దొరికితే ఆయనకు రోజూ దండం పెట్టండి.

ఇంకొకాయన నన్ను ఎప్పుడూ ఆటల పీరియడ్‌లో వదిలిపెట్టలేదు. గంట కొట్టించాలన్నా నేనే, మంత్రి వస్తే పిల్లలను ఎండలో నిలబెట్టాలన్నా నేనే. మైదానం సంగతి ఎత్తితే, "అది సంఘంవాళ్ల గోల, మనకెందుకయ్యా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అనేవాడు. మా స్కూలు పిల్లలు ఆడేది ఆ మైదానంలోనే అన్న సంగతి ఆయనకు పట్టలేదు. ఈ రెండో రకం మనుషులు దుర్మార్గులు కారు, అదే చిక్కు. దుర్మార్గుడితో పోట్లాడొచ్చు. ఏదీ పట్టని మనిషితో ఏమని పోట్లాడతాం?

ఎగ్జిబిషన్లు, టపాకాయల అంగళ్లు, మీటింగులు, అన్నీ గరుసు బయల్లోనే. అడిగితే ఒకటే జవాబు. "ఖాళీగానే ఉంది కదా సార్." మీటింగు అయిపోయిన మర్నాడు నేల నిండా గుంజల గుంటలు, మేకులు. మా గోల్‌కీపరు మస్తాన్ దానికొక ఉపాయం కనిపెట్టాడు. మస్తాన్‌ది పరుపులు కుట్టే ఇల్లు. నా దగ్గరే స్కూల్లో ఆట నేర్చుకుని, సంఘంలో గోలు కాసే స్థాయికి వచ్చాడు. పాడైపోయిన లౌడ్‌స్పీకరు నుంచి అయస్కాంతం ఊడదీసి, తాడు కట్టి, మైదానమంతా ఈడ్చేవాడు. "మైకులో చెప్పినప్పుడు ఒక్క మేలు జరగల్యా, ఇప్పుడన్నా జరగనీ" అని నవ్వేవాడు. ఒక్కో మీటింగుకు డబ్బాడు మేకులు దొరికేవి.

మడమతో కొట్టి చూపించాను

ఇప్పుడు నా తప్పు చెబుతాను. దీన్ని నేను చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా.

ఒక ఎండాకాలం చివర, మద్దిలేటి మంద వెళ్లిపోయి నాలుగు రోజులైంది. ముందురోజు ఒక జల్లు పడి ఆరింది. గిట్టల అచ్చులు నేల మీద ఇంకా అలాగే ఉన్నాయి, చెక్క తోలలేదు. పొద్దున్నే కొలతలు చూసుకుందామని నేను మైదానంలోకి వెళ్లాను. ఉత్తరం గోలు వెనక ఎవరో వల విప్పుతున్నారు. ఎవరో నేను పట్టించుకోలేదు.

జీపు దిగి ఒక ఇంజనీరు వచ్చాడు. ఒక పెద్ద నాయకుడు హెలికాప్టరులో వస్తున్నాడట, దిగడానికి చోటు కావాలట.

"సార్, మీరేనా ఈడ డ్రిల్లు సారు? ఈ గ్రౌండు గురించి మీకన్నా తెలిసినోళ్లు లేరంట గదా" అన్నాడు.

మాస్టర్లను పడగొట్టడానికి ఆ ఒక్క మాట చాలు. నేను గరుసు దగ్గర నుంచి మొదలుపెట్టి, వాలు, నీళ్లు, మంద, అన్నీ చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"మరి అన్నిటికన్నా గట్టి చోటు యాడుంది సార్?"

నేను నేరుగా ఉత్తరం గోలు ముందుకు నడిచి, మడమతో నేలను టపటపా కొట్టి చూపించాను. "ఈడ. పార దిగదు. మీ హెలికాప్టరు కాదు, దాని తాత దిగినా అచ్చు పడదు" అన్నాను.

అచ్చు పడదని గొప్ప చెప్పుకున్న మొనగాణ్ని! తూర్పు మూలన కంపచెట్ల పక్కన పనికిరాని జాగా బోలెడంత ఉంది. అది చూపించి ఉంటే పోయేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. మా నేలను ఇన్నాళ్లకు ఒక ఆఫీసరు మెచ్చుకున్నాడని పొంగిపోయాను. ఆయన అక్కడే సున్నంతో గీత గీసుకున్నాడు. మర్నాడు వచ్చి గోలుస్తంభాలు పీకేసి, ఆ గీతలో సిమెంటు పోశారు. కింద కంకర లేదు, ఇసుక లేదు, నేల చదును చేయడం కూడా లేదు. నేరుగా గిట్టల అచ్చుల మీదే. నేను వెళ్లేసరికి సగం అయిపోయింది.

"ఇదేంది సార్? గోలు ముందర సిమెంటా?" అని అరిచాను.

"రెండ్రోజులే సార్. పెద్దాయన పోయిన మర్నాడే తీసేస్తాం. నాది పూచీ" అన్నాడు.

పెద్దాయన వచ్చాడు, పోయాడు. పలక మీద పలచగా మన్ను చల్లి వాళ్లూ పోయారు. ఊళ్లో అందరూ ఆఫీసర్లను తిట్టారు. సంఘంలో, టీ అంగడి దగ్గర, చర్చిలో, ఎక్కడ ఆ మాట వచ్చినా నేనూ వాళ్లతో కలిసి తిట్టాను. చోటు చూపించింది నేనేనని ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

పలక గోలు

మొదట్లో అర్జీలు బాగానే రాశాను. రాసిన ప్రతిసారీ "పరిశీలనలో ఉంది" అని వచ్చేది. గోలుస్తంభాలు మళ్లీ అక్కడే పాతుకున్నాం, ఎందుకంటే వెనక్కి జరపడానికి జాగా లేదు. పలక గోలుకు నాలుగడుగుల ముందు, కుడి వైపున ఉండిపోయింది.

ఇక్కడ మాలాంటి వాళ్లే చేయగల తప్పు ఒకటి జరిగింది. మా ఫార్వర్డు ఒకడు దూరం నుంచి కొట్టిన బంతి పలక మీద పడి, తాటిచెట్టంత లేచి, చాగలమర్రి కీపరు తల మీదుగా గోల్లో పడింది. మా వాళ్లు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు సాయంత్రం ఆ బంతినే ప్రాక్టీసు చేయించాను. మూడు వారాల్లో నలుగురు ఆటగాళ్లు కళ్లు మూసుకుని పలక మీద వేయడం నేర్చుకున్నారు. దానికి 'పలక గోలు' అని పేరు కూడా పెట్టుకున్నాం.

ఉయ్యాలవాడ వాళ్లు ఓడిపోయారు. ప్యాపిలి వాళ్లు ఓడిపోయి, "ఇదేం ఆటప్పా, సిమెంటు ఆట" అని తిట్టుకుంటూ బస్సెక్కారు. రెండో సగంలో మా కీపరు కూడా ఆ గోల్లోనే నిలబడాలి కదా అని ఎవరైనా అంటే, "మస్తాన్‌కు పలక లెక్క తెలుసులే" అనేవాణ్ని. మస్తాన్‌కు తెలుసు, నిజమే. ఏ బంతి ఎంత లేస్తుందో వాడు చూపుతోనే చెప్పేవాడు.

అర్జీలు రాయడం మానేశాను. ఎప్పుడు మానేశానో కూడా గుర్తు లేదు. కొత్తగా చేరిన వాళ్లారా, ఈ ఒక్కటి రాసుకోండి. మీ మైదానానికి అన్యాయం చేసిన వాడి కంటే, ఆ అన్యాయంతో ఆట గెలవడం నేర్పిన కోచ్ పెద్ద దొంగ. నేను ఆ దొంగను.

మస్తాన్ మోకాలు

మాకు అసలైన పోటీ ఆళ్లగడ్డతో. ఆళ్లగడ్డ జట్టులో సగం మంది శిల్పులు. రోజంతా ఉలి, సుత్తి పట్టిన చేతులు, ఒక్కొక్కడి భుజం చూస్తే మా వాళ్లకు నీరసం వచ్చేది. వాళ్ల కెప్టెన్ వీరాచారి. మాట తక్కువ, దెబ్బ గట్టిది. మూడేళ్లు వరసగా మా పలక గోలుకే ఓడిపోయి కూడా ఒక్క మాట తూలలేదు. కానీ చూసి నేర్చుకుంటున్నాడని మాకు తెలియలేదు.

నేను రిటైరయ్యే ఏడు. ఆ వారం వానలు బాగా పడి, పలక మీది మన్నంతా కొట్టుకుపోయింది. అంచు నేల కంటే బొటనవేలెడంత పైకి లేచి కనబడుతోంది. నేను చూశాను. చూసి, గంపెడు మన్ను తెప్పించి కప్పిద్దామనుకున్నాను. అప్పటికే జనం వచ్చేశారు. ఆట ఆపడం ఎందుకులే అనుకున్నాను.

రెండో సగం. వీరాచారి మధ్య గీత దాటి, తల కూడా ఎత్తకుండా, సరిగ్గా పలక మీద పడేటట్టు కొట్టాడు. మా విద్యనే మాకు తిప్పికొట్టాడు. బంతి లేచింది. మస్తాన్ దాని కంటే ముందే లేచాడు, వేళ్లతో తాకి బయటకు నెట్టాడు కూడా. గోలు కాలేదు. కానీ దిగడం మోకాలితో దిగాడు, సరిగ్గా ఆ అంచు మీద.

ఆ చప్పుడు నేను ఇక్కడ రాయలేను.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది వీరాచారి. మస్తాన్‌ను రెండు చేతుల మీద ఎత్తుకుని రోడ్డు దాకా మోసుకొచ్చాడు. ఆటోలో ఎక్కించి, "నేను కావాల్నే ఆడ ఏసినానన్నా, కావాల్నే ఏసినా" అని నాతో నాలుగైదు సార్లు అన్నాడు. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడంటారు. అది అబద్ధం. గొయ్యి తీసింది నేను, పడింది మస్తాన్.

పరుపుల పని మీకు తెలుసు కదా. దూది పరిచి, దాని మీద మోకాళ్లతో పాకుతూ కుట్టాలి. మస్తాన్ మోకాలు ఇంక పూర్తిగా వంగదన్నారు. ఇప్పుడు వాడు అంగట్లో స్టూలు మీద కూర్చుని ఎవరికి ఏ కొలత కావాలో రాసుకుంటాడు. కుట్టేది తమ్ముడు. నేను వారానికోసారి వెళ్లి కూర్చునేవాణ్ని. మస్తాన్ టీ తెప్పించేవాడు, ఆట కబుర్లు చెప్పేవాడు. ప్రతిసారీ చెప్పేద్దామనే వెళ్లేవాణ్ని. టీ తాగి వచ్చేసేవాణ్ని.

పటంలో పచ్చరంగు

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మళ్లీ అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. పాత ఇంజనీరు బదిలీ అయ్యాడు. కొత్తాయన నన్ను కూర్చోమని కూడా అనకుండా ఒక పెద్ద పటం బల్ల మీద పరిచాడు.

"పలక గురించి ఎందుకు సార్ బాధ? స్టేడియమే వస్తాంది. అప్పుడు అన్నీ పోతాయి" అన్నాడు.

చూశాను. రోడ్డు వైపు వరసగా అంగళ్లు. వాటి మీద గ్యాలరీ. చుట్టూ నడిచేవాళ్లకు బాట. ఒక మూల ఫౌంటెన్. మధ్యలో కొంచెం పచ్చరంగు పూసి ఉంది.

"ఇందులో ఆట యాడ?" అని అడిగాను.

"అదేంది సార్, ఆ పచ్చగుండేదే గదా."

జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది నాకు. పటం మీద కొలిచి, వాళ్ల లెక్క ప్రకారం గుణించి చూపించాను. పిల్లలు కబడ్డీ ఆడుకోవచ్చు. ఫుట్‌బాల్‌కు ఒక పక్క గీత ఫౌంటెన్‌లో పడుతుంది.

ఆయన నవ్వాడు. "ఇంత ఖాళీ స్థలం ఊరి నడిమధ్యలో ఊరికే పెట్టుకుంటారా సార్ ఎవరన్నా? అయినా ఆ పలక మీకు బాగా కలిసొచ్చిందని ఇన్నామే! పలక గోలు అంట గదా?"

మూడు తరాలు మోసిన గరుసు ఆయనకు ఖాళీ స్థలం. మా కుళ్లు తెలివి మాత్రం ఆయన చెవి దాకా వచ్చింది. మెట్లు దిగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పటం గీసిన వాడు ఎప్పుడైనా వాన వెలిసిన సాయంత్రం ఆ గరిక మీద ఉత్త కాళ్లతో నడిచి ఉంటే ఆ ఫౌంటెన్ గీయగలిగేవాడా? చేతులెలా వచ్చాయి వీళ్లకు?

ఆళ్లగడ్డ నుంచి వచ్చినవాళ్లు

ఈ ఏడు ఆళ్లగడ్డతో ఆట మళ్లీ పెట్టుకున్నాం. ముందురోజు పొద్దున వీరాచారి ఫోన్ చేసి, "అన్నా, బయల్దేరినాం. గ్రౌండు కాడికి రా" అన్నాడు. ఒకరోజు ముందే ఎందుకా అనుకుంటూ వెళ్లాను.

టెంపోలో ఎనిమిది మంది దిగారు. బూట్లు లేవు, బంతి లేదు. సమ్మెటలు, ఉలులు, ఇనుప చీలలు, గడ్డపారలు.

"ఆడేకి కాదన్నా వచ్చింది. కొట్టేకి వచ్చినాం. నువ్వు ఊ అంటే చాలు" అన్నాడు వీరాచారి.

అర్జీలు రాయడమే తెలిసిన మనిషిని. అనుమతి, కాగితం, సంతకం అన్నవి ఒక్క క్షణం నాకు అడ్డొచ్చాయి. తర్వాత మస్తాన్ మోకాలు గుర్తొచ్చింది. "ఊ" అన్నాను. మస్తాన్‌కు కబురు పంపాను. తమ్ముడి బండి మీద వచ్చి, కాలు చాపుకుని కుర్చీలో కూర్చున్నాడు. ముసలి మద్దిలేటి కూడా ఎవరో చెబితే కర్ర పట్టుకుని వచ్చాడు.

వాళ్లు పని చేస్తుంటే చూడాలి. వరసగా రంధ్రాలు వేశారు, చీలలు దిగేశారు, ఒకడి తర్వాత ఒకడు లయగా సమ్మెట వేశారు. పలక ఉలిక్కిపడి గీత పెట్టినట్టు చీలింది. కాసేపటికి ఆఫీసు నుంచి ఒకాయన మోటారుసైకిలు మీద రొప్పుతూ వచ్చాడు.

"ఏం చేస్తాండారు మీరు? గవర్నమెంటు ఆస్తి ఇది! ఎవరు చెప్పినారు మీకు?"

వీరాచారి నుదురు తుడుచుకుని, "దేవుళ్లను చెక్కే చేతులు సార్ ఇవి. ఇట్లాంటి దాన్ని ముట్టుకునేకే సిగ్గయితాంది మాకు" అన్నాడు.

"చెప్పింది నేనే, రాసుకోండి" అన్నాను. ఆయన రాసుకున్నాడు. ఆ రాతే తర్వాత నోటీసై వచ్చింది.

ఎండ నెత్తి మీదకు వచ్చేసరికి మొదటి పెద్ద ముక్క లేచింది. నలుగురు గడ్డపారలు వేసి తిరగేశారు. అందరం ఒక్కసారిగా నిలబడిపోయాం. పలక అడుగున, సిమెంటులో, గొర్రె గిట్టలు. ఒకటి కాదు, రెండు కాదు. చిన్నవి, పెద్దవి, ఒకదాని మీద ఒకటి, గుండ్రంగా తిరుగుతూ పోయినవి పోయినట్టే బొబ్బల్లా పైకి తేలి ఉన్నాయి. నేల చదును కూడా చేయకుండా పోశారు కదా, మద్దిలేటి మంద తొక్కిన తొక్కుడంతా ఆ సిమెంటు అచ్చు తీసి దాచిపెట్టింది.

మద్దిలేటి కర్ర పక్కన పెట్టి, వంగి, వాటి మీద చెయ్యేసి తడిమాడు. "నా గొర్రెలే ఇవి" అన్నాడు. "ఇదో, ఇది కుంటిది. ఈ కాలు వంకరగా ఏస్తుండె."

అప్పుడు ఇంక ఆగలేకపోయాను. అందరి ముందు, మస్తాన్ కుర్చీ పక్కన నిలబడి చెప్పాను. "మస్తాన్, ఈ చోటు వాళ్లకు చూపించింది నేనేరా. గట్టి నేల యాడుందని అడిగితే, గొప్పకు పోయి నేనే చూపించినా. ఇన్నేళ్లూ దాచిపెట్టినా."

మస్తాన్ గిట్టల వైపే చూస్తున్నాడు. "తెల్సు సారూ" అన్నాడు.

"ఏం తెల్సు?"

"ఆ పొద్దు గోలు ఎనకాల వల ఇప్పుతాండింది నేనే. మీరు మడమతో కొట్టి చూపిస్తాంటే చూసినా."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాట అడగలేదేంరా?"

"మీరే చెప్తారని చూస్తాంటి" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆ రాత్రి నేను పడుకోగలిగేవాణ్ని.

మర్నాడు ఆట పెట్టుకోలేదు. గుంతలో గరుసు, ఎర్రమన్ను నింపాం, రెండు జట్లూ కలిసి. గిట్టలున్న పెద్ద ముక్కను వీరాచారి మా ఇంటి ముందు దించి వెళ్లాడు. స్టేడియం పటం ఆఫీసులో అలాగే ఉంది, ఆ పచ్చరంగు మీద పోట్లాట ఇంకా మిగిలే ఉంది. అది ఇక మీ వంతు. ఎవరైనా మీ మైదానం చూసి ఖాళీగా ఉందంటే వాళ్లను మా ఇంటికి పంపండి. తిరగేసి చూపిస్తాను.

నోటీసుకు నిన్న జవాబు రాశాను. ధ్వంసం చేయించింది నేనేనని మొదటి వాక్యం. అది పోయడానికి చోటు చూపించిందీ నేనేనని రెండో వాక్యం. ఆ రెండో దానికి నోటీసు ఇవ్వడం మరిచిపోయారు, దయచేసి అదీ పంపండి అని మూడో వాక్యం రాసి, సంతకం చేసి, మస్తాన్ అంగడికి తీసుకెళ్లి వాడికి చదివి వినిపించి, పోస్టులో వేశాను.